మంటలో జాయింటు ఎవరిది?

పోయిన ఏడాది ఎండాకాలంలో మా ఆఫీసులో ఒక కుర్రాడు నన్నొక ప్రశ్న అడిగాడు. అమెరికాలో కట్టబోయే ఒక 11 అంతస్తుల బిల్డింగుకి షాప్ డ్రాయింగులు చేస్తున్నాం అప్పుడు. వాడు ఒక బీము చివర షియర్ ట్యాబ్, అంటే బీముని నిలువు స్తంభానికి (కాలమ్‌కి) బిగించే ప్లేటు పెడుతూ, స్క్రీను మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు: "అన్నా, ఈ బీముకి రెండు గంటల ఫైర్ రేటింగ్ అని రాశారు. మరి ఈ నాలుగు బోల్టులకి ఎన్ని గంటలు?"

ఫైర్ రేటింగ్ అంటే మంటలో ఎన్ని గంటలు తట్టుకోవాలో చెప్పే అంకె. "బీముకెంతో బోల్టుకీ అంతే" అన్నాను. వాడు సరేనని తలూపి పనిలో పడ్డాడు. నాకే మనసొప్పలేదు. పద్నాలుగేళ్లుగా కొన్ని వేల జాయింట్లు గీశాను, చెక్ చేశాను. వాటిలో ఒక్కదాని గురించైనా, నిప్పంటుకుంటే ఇదేమవుతుంది అని ఆలోచించిన గుర్తు లేదు. వాడితో అన్నది జవాబు కాదు, వాడి నోరు మూయించడానికి అన్న మాట.

తర్వాత కొన్ని నెలలపాటు రాత్రిళ్లు కూచుని రిపోర్టులు చదివాను. చదివాక నాకు కలిగిన అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్టీలు బిల్డింగులో మంట లేస్తే ముందు భయపడాల్సింది బీము నడుము గురించి కాదు, బీము కాలమ్‌ని పట్టుకున్న చోటు గురించి. ఆ చోటు గురించి ఆలోచించే పనిని మాలో ఎవరికీ అప్పజెప్పలేదు.

మా పనేమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. హైదరాబాదులో ఇలాంటి డీటెయిలింగ్ ఆఫీసులు చాలా ఉన్నాయి. అమెరికాలోనో ఇంగ్లండులోనో లేవబోయే బిల్డింగుకి ప్రతి బీము పొడవూ, ప్రతి హోలూ, ప్రతి వెల్డూ ఇక్కడ కూచుని గీస్తాం. అక్కడి స్ట్రక్చరల్ ఇంజనీరు తన డ్రాయింగులో బీము చివర ఒక అంకె రాస్తాడు, కిప్స్‌లో. కిప్ అంటే వెయ్యి పౌన్లు. ఆ బీము అంత బరువుని కాలమ్ మీదికి దింపుతుందని అర్థం. చాలా ప్రాజెక్టుల్లో ఆ అంకెకి సరిపడా ప్లేటు, బోల్టులు, వెల్డు ఎంచే పని, ఉక్కు ముక్కలు తయారుచేసే ఫాబ్రికేటరు తరఫు కనెక్షన్ ఇంజనీరుది. వాటిని గీసే పని మాది. మాకందేది ఒక్కటే అంకె, అదీ కిందికి లాగే బరువు, మామూలు వాతావరణంలో ఉండే బరువు. మంట అన్న మాట ఈ గొలుసులో ఎక్కడా రాదు.

షియర్ ట్యాబ్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. కాలమ్‌కి వెల్డు చేసిన అరచేయంత వెడల్పు ప్లేటు. దాని పక్కన బీము వెబ్‌ని, అంటే ఐ ఆకారంలో మధ్య నిలువు భాగాన్ని, ఆనించి బోల్టులు బిగిస్తారు. ఇంగ్లండువాళ్లు దీన్నే ఫిన్ ప్లేట్ అంటారు. బీము చివరకీ కాలమ్‌కీ మధ్య సాధారణంగా అరంగుళం, అంటే 13 మిల్లీమీటర్లు ఖాళీ వదులుతాం. ముప్పావు అంగుళం బోల్టుకి హోలు పదహారో వంతు అంగుళం పెద్దగా పెడతాం. బోల్టు కదలడానికి ఉన్న ఆ ఆట అంతా కలిపినా మిల్లీమీటరున్నర. సైటులో బీము తేలిగ్గా కూర్చోవడానికి ఇచ్చిన వెసులుబాటు అది, వేరే దేనికీ కాదు.

ఇప్పుడు మంట పెడదాం.

ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకి సుమారు 0.012 మిల్లీమీటరు పెరుగుతుంది. వినడానికి లెక్కలోకి రాని అంకె. కానీ 9 మీటర్ల బీము, 500 డిగ్రీల వేడి అనుకుని గుణించండి. 54 మిల్లీమీటర్లు. రెండు వైపులా పంచుకుంటే చెరి 27. మనం వదిలిన ఖాళీ 13. మిగతా 14 ఎక్కడికి పోవాలి? కాలమ్ పక్కకి జరగాలి, లేదా బీము తనలో తాను నలగాలి. మామూలుగా రెండూ కొంచెం కొంచెం జరుగుతాయి. జాయింటుకి దగ్గర్లో కింది ఫ్లాంజ్ (ఐ ఆకారంలో అడుగు అడ్డ భాగం), వెబ్ ముడతలు పడి మడతపెట్టిన అట్టలా అయిపోతాయి. పైన కాంక్రీటు స్లాబు కాస్త చల్లగా ఉంటుంది, కింది ఫ్లాంజ్ నేరుగా మంటలో ఉంటుంది కాబట్టి బీము కిందికి విల్లులా వంగుతుంది కూడా. అలా వంగినప్పుడు కింది ఫ్లాంజ్ చివర కాలమ్‌కి తగిలి ఆనుకుంటుంది. ఆ ఆనిక దగ్గర నుంచి మొత్తం జాయింటు గునపం పెట్టి ఎత్తినట్టు తెరుచుకుంటుంది. లాగుడంతా పై బోల్టు మీద పడుతుంది. మేం ఆ బోల్టుని బరువు మోయడానికి పెట్టాం. దాన్నిలా పీకుతారని దానికి ఎవరూ చెప్పలేదు.

ఈ మొదటి దశలోనే ఒక పెద్ద బిల్డింగు పడిపోయింది.

2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో కూలిన ఆకాశహర్మ్యాలు రెండే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకి మూడోది కూడా కూలింది. 47 అంతస్తుల 7 వరల్డ్ ట్రేడ్ సెంటర్. దానికి విమానం తగల్లేదు. ఉదయం 10:28కి నార్త్ టవర్ కూలినప్పుడు వచ్చి పడ్డ శిథిలాల వల్ల లోపల మంటలంటుకున్నాయి. కింది అంతస్తుల స్ప్రింక్లర్లకి నీళ్లందించే నగర పైపులైను ఆ దెబ్బకి పనికిరాకుండా పోయింది. ఆర్పేవాళ్లు లేక దాదాపు ఏడు గంటలపాటు కాలింది మామూలు ఆఫీసు సామానే. కాగితాలు, బల్లలు, కుర్చీలు. జనాన్ని ముందే ఖాళీ చేయించారు కాబట్టి అక్కడ ఎవరూ చనిపోలేదు.

అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ దీని మీద 2008 నవంబరులో చివరి రిపోర్టు ఇచ్చింది. అందులో చెప్పిన కథ ఇది. ఈశాన్య మూల దగ్గర 79వ నెంబరు కాలమ్ ఉంది. దాన్నీ 44వ నెంబరు కాలమ్‌నీ కలుపుతూ ఒక పెద్ద గిర్డరు, అంటే మిగతా బీములని మోసే బీము. ఆ గిర్డరుకి తూర్పు గోడ వైపు నుంచి పొడవాటి ఫ్లోరు బీములు వచ్చి తగులుకుంటాయి. 13వ అంతస్తు దగ్గర ఆ బీములు వేడెక్కి పొడుగయ్యాయి. తూర్పున గట్టి గోడ, పెరగడానికి పడమర తప్ప దారి లేదు. అలా పెరుగుతూ పెరుగుతూ గిర్డరుని పక్కకి నెట్టి, 79వ కాలమ్ దగ్గర అది కూర్చున్న సీటు మీంచి జార్చేశాయి. 13వ అంతస్తు కింద పడి, దాని కిందివాటిని పడగొట్టుకుంటూ 5వ అంతస్తు దాకా వెళ్లింది. దాంతో తొమ్మిది అంతస్తుల ఎత్తున ఆ కాలమ్‌ని పక్కల నుంచి పట్టుకునేది లేకుండా పోయింది. కాలమ్ నడుము విరిగింది. దాని వెంట మిగతా బిల్డింగు.

రిపోర్టులో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. ఈ పెరుగుదల పని చేసిన ఉష్ణోగ్రతలు, మనం ఫైర్ రేటింగుల్లో లెక్కలోకి తీసుకునే ఉష్ణోగ్రతల కంటే వందల డిగ్రీలు తక్కువ. అంటే ఉక్కు ఇంకా బలంగానే ఉంది. బలంగా ఉండబట్టే అంత గట్టిగా నెట్టింది. "ఉక్కు 1500 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆఫీసు మంట అంత వేడి ఉండదు, కాబట్టి ఇది కుట్ర" అనే వీడియో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఏటా సెప్టెంబరులో తిరుగుతుంది. మా బాబాయికి నాలుగుసార్లు చెప్పాను, కరగక్కర్లేదు బాబాయ్, పెరిగితే చాలు అని. ఐదోసారి చెప్పే ఓపిక లేదు.

వేడి 600 దాటాక కథ తిరగబడుతుంది. యూరప్ డిజైన్ నియమావళి యూరోకోడు పట్టికల ప్రకారం మామూలు స్ట్రక్చరల్ స్టీలుకి 400 డిగ్రీల దాకా బలం పెద్దగా తగ్గదు. 500 దగ్గర 78 శాతం, 600 దగ్గర 47, 700 దగ్గర 23 మిగులుతుంది. ఇంత మెత్తబడ్డాక బీము నిటారుగా ఉండి బరువు మోయలేదు, వేలాడుతుంది. అప్పుడది బీము కాదు, తడిబట్టలు ఆరేసిన తాడు. బాగా బిగించి కట్టిన తాడు మీద తడి దుప్పటి వేస్తే గోడలో మేకు ఊడొస్తుంది. అదే తాడుని కాస్త వదులుగా కడితే కుంగుతుంది కానీ మేకు బతుకుతుంది. ఈ రెండో మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది. అప్పటిదాకా కాలమ్‌ని నెట్టిన బీము ఇప్పుడు అదే కాలమ్‌ని లోపలికి లాగుతోంది. 2001 సెప్టెంబరు 11నే 9 అంతస్తుల 5 వరల్డ్ ట్రేడ్ సెంటర్లో లోపలి అంతస్తులు కొన్ని ఇలాగే ఊడి పడ్డాయి. మధ్య బీము కుంగి లాగితే, బోల్టులు ఉక్కు అంచుల్ని చీల్చుకుని బయటికొచ్చేశాయి.

నన్ను ఎక్కువ రోజులు వెంటాడింది మాత్రం ఈ రెండు దశలూ కాదు, మంట ఆరాక జరిగేది.

చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో బండి చక్రానికి ఇనప పట్టా వెయ్యడం చూశాను. పిడకలు పేర్చి పట్టాని ఎర్రగా కాల్చేవాళ్లు. కాలి పెరిగిన పట్టాని పట్టకార్లతో నలుగురు ఎత్తి, కర్ర చక్రం మీద దించి, గబగబా నీళ్లు పోసేవాళ్లు. ఒక్కసారిగా ఆవిరి లేచేది. ఆ ఆవిరిలోంచి కిర్రు కిర్రుమని చప్పుడు వచ్చేది. చల్లారుతున్న పట్టా కర్ర ముక్కలన్నిటినీ కూడదీసి నొక్కుతున్న చప్పుడది. ఆ తర్వాత ఆ చక్రాన్ని ఏళ్ల తరబడి రాళ్ల బాటలో తిప్పినా కీలు కదిలేది కాదు. కాల్చి చల్లార్చడంలో ఎంత బలం ఉందో కమ్మరికి తెలుసు. లెక్క కట్టకుండానే తెలుసు.

మంట ఆరిన బిల్డింగులో బీము ఆ పట్టాలాంటిదే. వేడెక్కినప్పుడు రెండు కాలమ్‌ల మధ్య నలిగి, ముడతలు పడి, శాశ్వతంగా పొట్టిదైంది. ఇప్పుడు చల్లారుతూ కుంచించుకుంటోంది. కానీ కాలమ్‌లు ఎక్కడివక్కడే ఉన్నాయి. పైగా చల్లారే కొద్దీ ఉక్కుకి పోయిన బలం తిరిగొస్తుంది, అంటే లాగుడు మరింత గట్టిపడుతుంది. ప్లేట్లు, కాలమ్ కలిసి లోహం ఎక్కువగా ఉన్న జాయింటు మాత్రం బీము కంటే నెమ్మదిగా చల్లారుతుంది. లాగేది బలం పుంజుకుంది, పట్టుకోవాల్సింది ఇంకా వేడిగానే ఉంది.

ఇది కాగితం మీది ఊహ కాదు. ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ దగ్గర కార్డింగ్టన్ అనే చోట, ఒకప్పుడు గాలి ఓడలు దాచిన బ్రహ్మాండమైన షెడ్డు ఉంది. 1990లలో ఆ షెడ్డు లోపల 8 అంతస్తుల స్టీలు బిల్డింగు నిజంగా కట్టి, నిజంగా తగలబెట్టారు. 45 మీటర్ల పొడవు, 21 మీటర్ల వెడల్పు, 33 మీటర్ల ఎత్తు. అంతకుముందు 1990 జూన్‌లో లండన్‌లోని బ్రాడ్‌గేట్ దగ్గర కడుతూ ఉన్న 14 అంతస్తుల బిల్డింగులో ఒక అగ్నిప్రమాదం జరిగింది. చాలా స్టీలుకి ఇంకా రక్షణ పూతే పడలేదు. నాలుగున్నర గంటలు కాలింది. కొన్ని కాలమ్‌లు 100 మిల్లీమీటర్ల దాకా పొట్టివయ్యాయి. అయినా పడలేదు. ఎందుకు పడలేదో తెలుసుకోవాలన్న పట్టుదల నుంచే కార్డింగ్టన్ పరీక్షలు పుట్టాయి.

కార్డింగ్టన్‌లో పూత లేని బీములు 1000 డిగ్రీల దరిదాపులకి వెళ్లి, భయంకరంగా కుంగి కూడా పడలేదు. 2003 జనవరిలో చేసిన ఏడో పరీక్షలో స్లాబు దాదాపు 1,200 మిల్లీమీటర్లు కిందికి దిగింది, అయినా నిలిచింది. మంటలు ఆరి, లోపలికెళ్లి చూస్తే ఏముంది? బీముల చివర కింది ఫ్లాంజ్‌లు మడతలు పడి ఉన్నాయి. బీము చివరకి వెల్డు చేసిన ఎండ్ ప్లేట్లు వెల్డు పక్కన నిలువునా ఒక వైపు చిరిగిపోయి ఉన్నాయి. కొన్ని ఫిన్ ప్లేట్ల బోల్టులు కోసేసినట్టు తెగి ఉన్నాయి. ఈ చిరగడాలు, తెగడాలు మంట మండుతున్నప్పుడు కాదు, చల్లారేటప్పుడు జరిగినవి. ఎండ్ ప్లేటు ఒక వైపు చిరగడం వల్ల రెండో వైపు కాస్త వదులై, సాగి, బీముని కింద పడకుండా పట్టుకుంది. సగం చిరగడమే ప్రాణం కాపాడింది. ఏ లెక్కల షీటులోనూ ఆ సగం లేదు.

ఫర్నేసు పరీక్షలు ఇన్నేళ్లుగా జరుగుతుంటే ఇదెందుకు కనపడలేదని నాకు మొదట ఆశ్చర్యం వేసింది. తర్వాత అర్థమైంది. మనం రెండు గంటలు అని రాసేది ఎక్కడి నుంచి వస్తుంది? ఒక పెద్ద కొలిమిలో కొన్ని మీటర్ల బీము ముక్కని పెట్టి, ఐఎస్ఓ 834 లాంటి నిర్ణీత వక్రరేఖ ప్రకారం వేడి చేస్తారు. 60 నిమిషాలకి 945 డిగ్రీలు, 120 నిమిషాలకి 1049. ఎంత సేపటికి ఎంత వంగిందో కొలుస్తారు. అక్కడ కాలమ్ లేదు. మనం గీసిన షియర్ ట్యాబ్ లేదు. గడువు పూర్తవగానే బర్నర్లు ఆపేస్తారు, చల్లారేటప్పుడు ఏమైందో లెక్కలోకి రాదు. ఆ వక్రరేఖ కూడా పైకే పోతుంది, ఎప్పుడూ కిందికి దిగదు. అంటే మన రేటింగు మంటలో మొదటి సగానికి, అదీ జాయింటు లేని బీముకి ఇచ్చిన సర్టిఫికెట్టు.

ఇక్కడ నాతో పనిచేసిన ఒక సీనియరు అభ్యంతరం చెప్పారు. అది తీసిపారేసేది కాదు. "జాయింటు దగ్గర లోహం ఎక్కువ, మంట నేరుగా తగలదు. బీము కంటే ఎప్పుడూ చల్లగానే ఉంటుంది కదయ్యా." నిజమే. యూరోకోడు కూడా ఒప్పుకుంటుంది. 400 మిల్లీమీటర్ల లోతు లోపు బీముకి, జాయింటు అడుగున ఉష్ణోగ్రత బీము కింది ఫ్లాంజ్ వేడిలో 88 శాతం, పైన 62 శాతం అని లెక్క కట్టుకోమంటుంది. సరే, కట్టాను. బీము 600 దగ్గర ఉంటే అడుగు బోల్టు సుమారు 528 దగ్గర ఉంటుంది. బీములో మిగిలిన బలం 47 శాతం. మరి 528 దగ్గర బోల్టులో? బోల్టు ఉక్కు వేరు. దాన్ని కాల్చి, చల్లబరిచి, మళ్లీ ఓ మోస్తరుగా వేడి చేసి గట్టిపరుస్తారు. అమెరికన్ ఏ325 బోల్టుని ఆ చివరి దశలో కనీసం 427 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఆ వేడి దాటితే దానికిచ్చిన గట్టిదనం వెనక్కి పోవడం మొదలవుతుంది. అదే యూరోకోడు పట్టికలో బోల్టు బలం 500 దగ్గర 55 శాతం, 600 దగ్గర 22. మధ్యలో 528కి లెక్కేస్తే 46.

47కి 46. చల్లగా ఉండటం వల్ల వచ్చిన లాభమంతా బోల్టు తినేసింది. ఆ కాగితం తీసుకెళ్లి ఆయనకి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చూశారు. "అయితే పై బోల్టులు ఇంకా బాగానే ఉంటాయిగా" అన్నారు. ఉంటాయి. కానీ పీకేది వాటినే.

ఇందులో డీటెయిలర్లకి మరో ఇబ్బంది ఉంది. షియర్ ట్యాబ్‌కి మాకో బండ గుర్తు నేర్పుతారు. ప్లేటు మందం, బోల్టు వ్యాసంలో సగానికి పదహారో వంతు అంగుళం కలిపినంత దాటకూడదు. ముప్పావు బోల్టుకి 7/16 అంగుళం. ఎందుకంటే జాయింటు తిరిగినప్పుడు ముందు ప్లేటు సాగాలి, బోల్టు తెగకూడదు. ప్లేటు సాగితే హెచ్చరిక, బోల్టు తెగితే హఠాత్తు. మంచి సూత్రమే. కానీ 600 డిగ్రీల దగ్గర ప్లేటుకి 47 శాతం ఉంటే బోల్టుకి 22. చల్లగా ఉన్నప్పుడు మనం పెట్టిన వరస వేడిలో తిరగబడుతుంది. 2000ల దశాబ్దంలో షెఫీల్డ్ యూనివర్సిటీలో కొలిమిలో జాయింట్లని ఏటవాలుగా లాగి చూశారు. ఫిన్ ప్లేట్లు ఎక్కువగా బోల్టులు తెగే పోయాయి. వాళ్ల పరీక్షల్లో అన్నిటికంటే ఎక్కువ సాగి, తిరిగి, ఓర్చుకున్నవి యాంగిల్ క్లీట్లు. ఎల్ ఆకారపు ముక్క లాగేకొద్దీ మడత విప్పుకుని నిటారవుతుంది. ఆ మేరకి బీము కుంగడానికి వీలిస్తుంది. తాడు వదులైతే మేకు బతుకుతుందని పైన అనుకున్నాం కదా, ఇక్కడ జరిగేది అదే.

అయితే అందరం యాంగిళ్లకి మారిపోదామా? నేనూ అంత తేలిగ్గా అనను. ట్యాబ్ అంటే ఒక్క ప్లేటు, షాపులో వెల్డు, సైటులో బీముని పక్కనించి ఆనించి బోల్టు కొట్టడమే. బీములు ఎక్కించి నిలబెట్టే ఎరెక్టర్లకి ప్రాణం. యాంగిల్ అంటే ముక్కలెక్కువ, బోల్టులెక్కువ. ఇంకో దారి, ట్యాబ్‌లోనే పొడుగు స్లాట్లు పెట్టడం. ముప్పావు బోల్టుకి లాంగ్ స్లాట్ పెడితే మొత్తం ఆట సుమారు 28 మిల్లీమీటర్లు, బోల్టు మధ్యలో కూర్చుంటే అటూ ఇటూ 14. పెరుగుదలని కొంతవరకు మింగుతుంది. కానీ బీము కాలమ్‌ని అంత వదులుగా పట్టుకుంటే కాలమ్‌ని పక్కకి వంగకుండా ఎవరు ఆపుతారు? 79వ కాలమ్‌కి జరిగింది అదే కదా. గట్టిగా పట్టుకుంటే నెడుతుంది, వదులుగా పట్టుకుంటే జారుతుంది. సాగుతూ పట్టుకోవాలి, తెగకూడదు. అది డిజైన్ చేయాల్సిన గుణం. కిప్స్‌లో ఒక్క అంకె రాసి పంపితే వచ్చేది కాదు.

అమెరికన్ కోడు కొంత దూరం నడిచింది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. 2009 నాటి ఐబీసీ అనే బిల్డింగు కోడు నుంచి ఎత్తైన బిల్డింగుల్లో కొన్నింటికి బీము చివరి జాయింటు అడ్డంగా లాగుడుని కూడా తట్టుకోవాలన్న నియమం వచ్చింది. ఎల్ఆర్ఎఫ్‌డీ అనే డిజైన్ లెక్క పద్ధతిలో, నిలువు బరువులో మూడింట రెండొంతులు, కనీసం 10 కిప్స్. అదే ఏడాది ఎత్తైన బిల్డింగుల్లో స్ప్రే చేసే ఫైర్‌ప్రూఫింగ్ స్టీలుకి ఎంత గట్టిగా అంటుకోవాలన్నదీ పెంచారు. చదరపు అడుగుకి 150 పౌన్లు ఉండేది 430 అయింది. 420 అడుగుల ఎత్తు దాటితే 1000. ఈ నియమాలకి ముందు ఎన్ని ప్రాణాలు పోవాల్సి వచ్చిందో అందరికీ తెలుసు. అయినా ఆ లాగుడు అంకె గది ఉష్ణోగ్రతలోదే. మంటలో ఏ మేరకి లాగుతుంది, చల్లారేటప్పుడు ఏ మేరకి లాగుతుంది అన్న లెక్క మామూలు ప్రాజెక్టులో నా బల్ల మీదికి ఒక్కసారీ రాలేదు.

రాకపోతే అడగొచ్చు కదా అనిపించి, మా కుర్రాడి ప్రశ్ననే ఆర్ఎఫ్ఐగా, అంటే డిజైన్ చేసినవాళ్లకి పంపే అధికారిక ప్రశ్నగా, రాసి పంపాను. ఈ జాయింట్లలో ఫైర్ వల్ల వచ్చే అడ్డ బలాలు చూశారా అని. నాలుగు రోజులకి రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఫైర్ ప్రొటెక్షన్ వేరేవాళ్ల స్కోపు, ఇచ్చిన రియాక్షన్లకి (బీము చివరి బరువులకి) కనెక్షన్లు పూర్తి చేయండి. వాళ్లని తప్పు పట్టను. కాంట్రాక్టు ప్రకారం అది సరైన జవాబే. ఆర్కిటెక్టు గంటలు రాస్తాడు. స్ట్రక్చరల్ ఇంజనీరు బరువు రాస్తాడు. కనెక్షన్ ఇంజనీరు బోల్టులు రాస్తాడు. స్ప్రే కొట్టేవాళ్లు మందం రాస్తారు. నలుగురూ తమ పని సక్రమంగా చేశాక కూడా, వేడెక్కిన జాయింటు ఏమవుతుందన్న లెక్క నలుగురి కాగితాల్లోనూ ఉండదు. నాకు బాధ కలిగేది అక్కడే.

మనవైపు సంగతి కొంచెం. మన స్టీలు డిజైన్ కోడు ఐఎస్ 800:2007లో ఫైర్ మీద ఒక సెక్షనే ఉంది, 16వది. జాయింటు గురించి అందులో చెప్పిన మాట నాకు నచ్చుతుంది. అక్కడ కలిసే మెంబర్లలో దేనికి ఎక్కువ మందం పూత కావాలో ఆ మందమే జాయింటుకీ ఉండాలి, బోల్టు తలలు, వెల్డులు, స్ప్లైస్ ప్లేట్లతో సహా. "బోల్టు తలలతో సహా" అని రాసినవాళ్లెవరో సైటు చూసినవాళ్లే. కానీ మేడ్చల్ నుంచి పటాన్‌చెరు దాకా ఔటర్ రింగు రోడ్డు పక్కన లేచిన గోడౌను షెడ్లలో నేను లోపలికెళ్లి చూసిన వాటిలో రాఫ్టరుకి, అంటే పైకప్పు మోసే వాలు బీముకి, మామూలు పెయింటు తప్ప ఏమీ లేదు. ఒకాయన్ని అడిగితే, "ఇనుముకి నిప్పేంటండీ, కర్రకైతే గానీ" అన్నాడు. షెడ్డులో రాఫ్టరు మెత్తబడి దిగితే కాలమ్‌లని లోపలికి లాగుతుంది, గోడలు పడేది ఎటో తెలియదు. ఇంగ్లండులో దీనికోసమే, గోడ పక్క ఆస్తి మీద పడకుండా కాలమ్ అడుగు బేస్ ప్లేటుని ఆ లాగుడుకి డిజైన్ చేసే పద్ధతి ఉంది. ఇక్కడ పీఈబీ, అంటే ముందే తయారైన ముక్కలతో కట్టే షెడ్ల, డ్రాయింగుల్లో నాకది కనపడలేదు.

ఇంకో మాట, మంట ఆరిన తర్వాతి రోజు గురించి. బీము వంకర పోకుండా నిటారుగా ఉంటే పర్వాలేదని ఒక పాత నమ్మకం ఉంది. మామూలు స్టీలుకి అది చాలావరకు నిజం. 600 లోపు కాలి చల్లారితే బలం దాదాపు తిరిగొస్తుంది. కానీ బోల్టుకి తిరిగి రాదు, దాని గట్టిదనం పోతే పోయినట్టే. చూడటానికి ఆ తేడా తెలియదు. షట్టరు ఎత్తి, మసి కడిగి, పెయింటు వేసి, మళ్లీ సరుకు దింపుతారు. బోల్టులు మార్చారా అని ఎవరడుగుతారు? అలాంటి షెడ్డు మీకు తెలిసి ఉంటే ఒక్క బోల్టు విప్పించి గట్టిదనం పరీక్ష చేయించండి, పెద్ద ఖర్చు కాదు.

మా 11 అంతస్తుల బిల్డింగు ఇప్పుడు సగం లేచింది. ఫాబ్రికేటరు పంపిన సైటు ఫోటోల్లో మొన్న ఒకటి చూశాను. బీము మీద స్ప్రే పడింది, తెల్లగా, మందంగా, అటుకుల పిండి పూసినట్టు. జాయింటు దగ్గరకొచ్చేసరికి పలచబడింది. ట్యాబ్ వెనక ఇరుకులో గన్ దూరలేదేమో, నాలుగు బోల్టుల్లో రెండింటి తలలు నున్నగా మెరుస్తున్నాయి. ఫోటో మీద ఎర్ర గీత చుట్టి, పూత వేయమని చెప్పండి అని రాసి పంపాను. అది మా స్కోపు కాదని తెలుసు. కుర్రాడు నా భుజం మీంచి తొంగి చూసి, "ఆ బీము మనం గీసిందేనా అన్నా?" అన్నాడు. ప్రతి ముక్కకీ ఇచ్చే గుర్తు, పీస్ మార్కు, వెతికి చూశాం. మేం గీసిందే.